దోనేపూడి వెంకాయమ్మ గారి బిందె

నేను ఒక ఇత్తడి బిందెను. మెడ కింద పేరూ ఊరూ సంవత్సరమూ కొట్టించుకుని కూడా, ఎవరిదాన్నో ఎవరికీ తెలియకుండా అరవై ఏళ్లు బతికాను.

తెనాలిలో ఒక కంచరి నన్ను సాగగొట్టి, అడుగూ మెడా అతికాడు. ఒక పెద్దాయన కూతురి సారెకని నన్ను కొన్నాడు. కొట్టువాడు చిన్న ఉలి పట్టుకుని చుక్కచుక్కగా 'దోనేపూడి వెంకాయమ్మ, తుమ్మలవర్రు, 1944' అని కొట్టాడు.

"లోతుగా కొట్టవయ్యా. భోజనాలకి ఎరువిచ్చిన సామాను తిరిగి ఇంటికి రావాలంటే పేరొక్కటేగా దిక్కు," అన్నాడు పెద్దాయన.

నా పేరు నిలిచింది కానీ ఆ పిల్ల పేరు అత్తవారింట్లో వారం రోజులు కూడా నిలవలేదు. కంతేటి వారింట్లో ఆ ఏడే పోయిన అత్తగారి పేరు కూడా వెంకాయమ్మే. "పోయిన పెద్దామె పేరు పెట్టి, పేడ ఎత్తవే అని ఎట్టా అంటాం?" అంది ఇంటి మేనత్త. ఆ రోజు నుంచి ఆమె బుల్లెమ్మ. మొగుడు రాఘవయ్యకు ఏ పేరైనా ఒకటే. ఆయన పెళ్లాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

తుంగభద్ర కాలవ కింద నల్లరేగడి భూములు దొరుకుతున్నాయని విని, 1955లో వాళ్లు లారీ ఎక్కారు. తొమ్మిదేళ్ల కూతురు సామ్రాజ్యం నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బళ్లారి దాటాక లారీ గోతిలో పడితే, నేను ఎగిరి నాగలి కర్రుకి కొట్టుకున్నాను. మూడు మూలల సొట్ట పడింది. సింధనూరు దగ్గర వలస రైతుల ఏడో నంబరు క్యాంపులో దిగేసరికి తుమ్మ ముళ్లు, తాటాకు పాకలు తప్ప ఏమీ లేవు. బుల్లెమ్మ నన్ను నడుం మీద పెట్టుకుని మైలు దూరం వాగుకు పోయేది. రెండేళ్లకే జ్వరం ఆమెను తీసుకుపోయింది. ఆమె నడుం మీద చూసిన బిందెను చూడలేక రాఘవయ్య నన్ను అటకెక్కించాడు.

సామ్రాజ్యం పెళ్లికి సామాను దించినప్పుడు ఎవరో నా మెడ మీది అక్షరాలు చదివారు. "దోనేపూడి వాళ్లదే ఇది. ఏ బంతి భోజనాల్లోనో మారి వచ్చింది. మన బిందె ఎవరింట్లో మూలుగుతోందో." రాఘవయ్య అప్పటికే పోయాడు. కాదని చెప్పేవాళ్లు లేరు.

మనుషుల నిజాయితీని తక్కువ అనను. పరాయి సొమ్మని సామ్రాజ్యం నాలో గుక్కెడు నీళ్లు కూడా పొయ్యలేదు. నా తాలూకు మనిషి వస్తే ఇచ్చెయ్యాలని ఏటా చింతపండుతో తోమి పెట్టేది. ఒకసారి ఎరువుల కంపెనీ నుంచి దోనేపూడి ఇంటిపేరు గలాయన వస్తే, కాఫీ ఇచ్చి నన్ను ఎదురుగా పెట్టింది. ఆయన, "నాకెందుకండీ బిందె," అంటూ బండి ఎక్కి పోయాడు.

మొన్న క్యాంపుకి డెబ్బై ఏళ్లు నిండాయి. మొదట వచ్చిన దంపతుల పేర్లు, ఆడవాళ్ల పుట్టిళ్లతో సహా రాతి మీద చెక్కించాలనుకున్నారు. తన తల్లి పుట్టిల్లు ఏదో సామ్రాజ్యానికి తెలియదు. ఆమెకు ఊహ తెలిసేసరికే అటువైపు వాళ్లెవరూ మిగల్లేదు.

"రాఘవయ్య గారి భార్య అని వేయిద్దాంలే పిన్నీ. శుక్రవారం రాయి చెక్కేవాడు వస్తున్నాడు," అన్నాడు క్యాంపు పెద్ద పున్నయ్య.

"అందరి అమ్మలకీ పుట్టిల్లుంది. మా అమ్మే ఆకాశంలోంచి ఊడిపడిందంట్రా?" అంది సామ్రాజ్యం. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆమె మనవరాలు హిమజ ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి పిల్ల. అంతకు ముందే రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులు తీయించింది. కంతేటి వారి ఊరు వెళ్లి జనన మరణాల పుస్తకాలు తిరగేసింది. సామ్రాజ్యం పుట్టుక అందులో లేదు. వట్టి చేతులతో తిరిగొచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుందనే సంగతి డిగ్రీలో చెప్పరు కాబోలు.

ఆ సాయంత్రం అమ్మమ్మను మాటల్లో పెట్టడానికి హిమజ నన్ను తోముతూ కూర్చుంది.

"సొట్ట పడిన బిందెను ఎన్నాళ్లు దాస్తావే అమ్మమ్మా?"

"మన బిందెకీ సొట్ట ఉండేదిలే. లారీలో నాగలి కర్రు తగిలింది. మా అమ్మ నన్నేమీ అనలా, ఆ సొట్టలో బొటనవేలు పెట్టి చూసి నవ్వింది."

హిమజ చేయి ఆగిపోయింది. నన్ను తిప్పి ఆమె ముందు పెట్టింది. "కర్రు మొన లాగా మూడు మూలలుందా ఆ సొట్ట?"

సామ్రాజ్యం కళ్లజోడు సర్దుకుని వంగింది. ఏటా తోముతూనే ఉంది, ఆ గుంటలో చింతపండు కుక్కి మరీ. మెడ మీది పేరు చదివి పరాయిదని నమ్మిన మనిషి, సొట్టను ఎందుకు చూస్తుంది?

తెల్లారి హిమజ నా మెడ మీది ఊరికి బస్సెక్కింది. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. "అమ్మమ్మా, తుమ్మలవర్రు పుస్తకంలో ఉంది. 1946, ఆడపిల్ల, తండ్రి కంతేటి రాఘవయ్య. కానీ తల్లి పేరు వెంకాయమ్మ అని ఉంది. ముత్తాతకి ఇంకో పెళ్లాం ఉందా?"

"నోర్ముయ్యవే." సామ్రాజ్యం కసిరింది. "మా నాయనమ్మ వెంకాయమ్మ. అత్త పేరున్న కోడల్ని ఆ పేరుతో పిలవనిస్తారటే? ముద్దుగా బుల్లెమ్మ అన్నారనుకున్నా ఇన్నాళ్లూ. ఇంకేం చూస్తావు, ఫోటో తీసి పున్నయ్యకి పంపించు."

శుక్రవారం చెక్కేవాడు నన్ను పక్కన పెట్టుకుని, నా అక్షరాలు చూసే రాతి మీద పేరు దించాడు. సామ్రాజ్యం నన్ను సగం నీళ్లతో నింపి, వద్దంటున్నా వినకుండా డెబ్బై తొమ్మిదేళ్ల నడుం మీద ఎత్తుకుని వచ్చింది. రాయి కడిగింది. అడుగున మిగిలిన నీళ్లు దోసిట్లోకి వంచుకుని తాగింది.

"మరి ఈ బిందె ఎవరికిస్తావు పిన్నీ?" అన్నాడు పున్నయ్య నవ్వుతూ.

"దీని తాలూకు మనిషి వచ్చిందిరా," అంది సామ్రాజ్యం, సొట్టలో బొటనవేలు పెట్టి.

ఇప్పుడు నేను అటక మీద లేను. వంటింటి గట్టు మీద, నిండుగా ఉన్నాను.