పల్లాలమ్మ పట్టిన పదును

నేను ఒక గొడుగు కమ్మీని. పుట్టుక అది, వృత్తి వేరు. ఓ గాలివానలో గొడుగు వెనక్కి తిరగబడి విరిగిపోతే, డ్రాయింగు చెప్పే దయామణి టీచరు దాన్ని పారేయకుండా కమ్మీలన్నీ ఊడదీశారు. మాకు నిలువునా సన్నటి గాడి ఉంటుంది. కొసను రాతిమీద అరగదీసి, వెనక జామకర్ర పిడి బిగిస్తే చిన్న ఉలి తయారు. అలా ఎనిమిదిమందిమి ఒక బిస్కెట్ల డబ్బాలో కాపురం పెట్టాం.

ఉప్పుటేరు పక్కన హైస్కూలు మాది. సాయంత్రం బడి వదిలాక టీచరుగారు పిల్లలకు లినో అచ్చు నేర్పేవారు. లినో అంటే నేలమీద పరిచే రకం, రబ్బరులాంటి మందపాటి షీటు ముక్క. దానిమీద బొమ్మ గీసి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా మాతో తవ్వించి, మిగిలిన గట్లమీద రంగు రోలరు దొర్లించి, కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దాలి. కాగితం ఎత్తే క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి! తాము గీసిన బొమ్మే కుడిఎడమలు మారి, ఎవరో గీసినట్టు కనిపిస్తుంది.

ఎనిమిదో తరగతి లోవకుమారి లకుముకిపిట్టను చెక్కుతోంది. మాట తక్కువ పిల్ల. రెండో రెక్క దగ్గరికొచ్చేసరికి నేను మొరాయించాను. రెండు నెలలుగా అందరి చేతుల్లో నలిగి మొద్దుబారిపోయాను. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. పిల్ల బలంగా నొక్కింది. నేను జారి, ముక్కను పట్టుకున్న ఎడమచేతి చూపుడువేల్లోకి దిగాను.

పిట్టమీద నెత్తురు. టీచరుగారు పమిట చింపి కట్టారు.

మర్నాడు హెడ్మాస్టరు రామభద్రిరాజుగారు మమ్మల్ని డబ్బాతో సహా బీరువాలో పెట్టి తాళం వేశారు. "మీ ఉద్దేశం మంచిదేనండి టీచరుగారూ. రేపు ఏ పిల్ల కంటికో తగిలితే నేనేం చెప్పను? ఆపెయ్యండి," అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, భయం ఉంది.

నాలుగో రోజు లోవ తల్లి పల్లాలమ్మ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసి పొట్టు ఒలిచే పని ఆవిడది. నానినాని వేళ్లు పాలిపోయి ఉన్నాయి. దెబ్బలాటకే వచ్చిందనుకుని టీచరుగారు లేచి నిలబడ్డారు.

"తప్పు నాదేనమ్మా, చూసుకోవాల్సింది," అన్నారు.

"అయ్యో, అందుక్కాదండీ. పిల్ల అన్నం సరిగ్గా తింటంలేదండి. వేలు నొప్పెడతందా అంటే కాదంటది. పిట్టకి ఒక రెక్కే ఉందంటండి. ఏదండీ ఆ ఉలి, ఓపాలి చూపించండి."

హెడ్మాస్టరుగారికి తాళం తీయక తప్పలేదు. పల్లాలమ్మ నన్ను బొటనవేలి గోరుమీద ఆనించి చూసింది. నేను పట్టు దొరక్క జారిపోయాను. సిగ్గుతో చచ్చాను.

"ఇది మొద్దండి. మొద్దు కత్తే చెయ్యి కోస్తదండి. పదునున్నది చెప్పినమాట ఇంటది."

వరండా రాతిమెట్టుమీద నీళ్లు చిలకరించి నన్ను నూరింది. పిల్లలు మూగారు. "ఇటు చూడండమ్మా. రెండో చెయ్యి ఎప్పుడూ కత్తికి ఎనకాలుండాల. కత్తి ఎళ్లే దారిలో ఏలు పెట్టకూడదు. చెయ్యి తిప్పకుండా ముక్కని తిప్పుకోండి." లోవ తల్లి వెనక దాక్కుని వింటోంది. ఆ పిల్ల ముఖంలో గర్వం, బిడియం కలగలిసి ఉన్నాయి.

హెడ్మాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "వారానికోసారి మీరొచ్చి పదును చూసి వెళ్తానంటే..." అని సగంలో ఆపారు. మనుషులు ఒప్పుకునేటప్పుడు వాక్యం పూర్తి చేయరు, ఎందుకో.

ఆవిడ షెడ్డు సెలవురోజున వచ్చేది. లోవ రెండో రెక్క చెక్కేసింది. ఒకసారి పిల్లలు పల్లాలమ్మ చేతికే లినోముక్క ఇచ్చారు. "నాకేటొచ్చు!" అంటూనే ఆవిడ నన్ను అందుకుంది. ముందు బొమ్మ గీసుకోకుండా నేరుగా చెక్కింది. వంగిన వీపు, వరసగా కాళ్లు, తల, తలమీద రంపపు ముల్లు, ఒంటికంటే పొడుగైన మీసాలు. నా ఆయుష్షులో అంత సన్నటి గీతలు నేనెప్పుడూ తీయలేదు.

లోవ రంగు పూసి, కాగితం రుద్ది, మెల్లగా ఎత్తింది. పల్లాలమ్మ తడిఅచ్చును రెండుచేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"అటు తిరిగున్నది ఇటు తిరిగిందేటే?" అంది.

"అచ్చులో అంతేనమ్మా."

"ఎటు తిరిగితే ఏటిలే. రోజూ తలలు తీసేసేదాన్ని, తలతో ఉంటే ఇంత బాగుంటదని ఎప్పుడు చూశాను!"

నూరుడుకు అరిగి అరిగి ఇప్పుడు నేను పిడిలోంచి గోరంత మాత్రమే బయట ఉన్నాను. డబ్బాలోకి కొనుక్కొచ్చిన ఉలులు వచ్చాయి, మెరుస్తున్నాయి. నాకేం బాధ లేదు. ఒక పిల్లను కోసిన మాట నిజం, దాన్ని మరిచిపోను. కానీ ఆ పిల్ల తల్లి చేతిలో ఒక రొయ్యకు మీసాలు గీసింది కూడా నేనే.