అతుకు పడిన మెట్టె

నేను ఒక వెండి మెట్టెను. ఈ పొద్దున ఇంట్లో గొడవ నా గురించే. స్నానాలగదిలో సబ్బుపెట్టె మీద నన్నూ నా జోడునూ చూసి మాణిక్యమ్మగారు కోడలు కస్తూరిని నిలదీశారు.

“మొగుడు గుండ్రాయిలా ఉండగా బోసి వేళ్లతో తిరుగుతావేంటే?”

“కాళ్లు వాచాయి అత్తయ్యా. పట్టడం లేదు.”

“నూనె రాసి ఎక్కించు. అయినా సబ్బుపెట్టె మీద పెడతారా ఎవరైనా?”

భర్త సోమశేఖరం పేపరు దించకుండానే, “పెట్టేసుకోరాదూ, ఓ పనైపోద్ది” అన్నాడు.

తీయడం తప్పా, సబ్బుపెట్టె మీద పెట్టడం తప్పా అన్నది తేలలేదు. కాళ్లు ఎందుకు వాచాయని మాత్రం ఎవరూ అడగలేదు.

నన్ను పాలకొల్లులో ఒక కంసాలి చేశాడు. అప్పుడు చీలిక లేని చుట్టును. పెళ్లిపీటల మీద కస్తూరి వేలికెక్కాను. తొలిచూలు ఎనిమిదో నెలలో ఆ వేలు నా చుట్టూ పొంగింది. తల పగిలిపోతోందనీ, కళ్ల ముందు మిణుగురులనీ చెప్పుకుంది. “కడుపుతో ఉంటే నీరు పట్టదేంటి?” అన్నారు మాణిక్యమ్మగారు. నన్ను తీద్దామంటే అపశకునమన్నారు. మర్నాడే ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో నర్సు నన్ను కత్తిరించి తీసింది. శకునం గురించి ఆవిడ ఎవరినీ అడగలేదు.

తల్లీబిడ్డా దక్కారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ సోమశేఖరాన్ని పిలిచి, “కాన్పుతో ఇది పోయిందనుకోకండి. ఈవిడకు ఎప్పటికీ బీపీ చూపిస్తూ ఉండాలి. గుండె, కిడ్నీలు కూడా” అంది. అతను తలూపి, బిడ్డకు నీళ్లెప్పుడు పోయొచ్చని అడిగాడు. గండం గడిచిందంటూ వీధంతా లడ్డూలు పంచారు.

నన్ను మాత్రం పురిటిస్నానం లోపే కంసాలికి పంపారు. అతను టంకం పెట్టి, “అతుకు జాగ్రత్తండి, అప్పుడప్పుడూ చూసుకోండి” అన్నాడు. చూసుకున్నారు. ఏటా దీపావళికి చింతపండుతో తోమించి, వెలుతురుకు పట్టి, నా అతుకును మాణిక్యమ్మగారే పరీక్షించేవారు. కస్తూరి చేతికి బీపీ పట్టీ చుట్టించినవాళ్లు లేరు. తలనొప్పికి బామ్ రాసుకునేది. ఆయాసమంటే ఒళ్లు పెరిగిందనేవారు.

ఆనాటి బిడ్డ హారిక ఇప్పుడు పురిటికి వచ్చింది. దానికీ ఎనిమిదో నెలే. నిన్న చూపించుకోవడానికి వెళితే బీపీ ఎక్కువగా ఉంది, వెంటనే చేరమన్నారు. మీ అమ్మకు కాన్పులో ఇలా అయిందా అని డాక్టరు అడిగితే హారికకు తెలియదు, పక్కనున్న కస్తూరే చెప్పింది. “నీకు ఫిట్స్ వచ్చాయని నాకెవరూ చెప్పలేదేంటమ్మా?” అంది బయటికొచ్చాక. అప్పటికి కస్తూరి చేతికీ నర్సు పట్టీ చుట్టింది. చూసి, నమ్మలేక మళ్లీ చుట్టింది. కిడ్నీ పరీక్షలు రాశారు.

ఇంటికొచ్చి చెబితే, “అమావాస్య వెళ్లనీ, మంచిరోజు చూసి చేర్పిద్దాం” అన్నారు మాణిక్యమ్మగారు. సోమశేఖరం అమ్మ మాట కాదనలేదు.

మధ్యాహ్నం అందరికీ పప్పు వడ్డించి, గరిటె పెట్టేసి, కస్తూరి తన కంచం తెచ్చుకుని వాళ్ల మధ్యే కూర్చుంది.

“నెయ్యెవరు వేస్తారు?” అన్నారు మాణిక్యమ్మగారు.

“గిన్నె మీ పక్కనే ఉందత్తయ్యా. తిన్నాక హారికను తీసుకెళ్లి ఆస్పత్రిలో చేరుస్తున్నాను. నేనూ చేరుతున్నాను.”

“మరి ఇక్కడ వంట?” అన్నాడు సోమశేఖరం.

“మీరు వండుకోండి.”

“అమావాస్య పూటా...”

“దాని మెట్టెలు కూడా తీసేశాను. రెండు జతలూ సబ్బుపెట్టె మీదే ఉన్నాయి. తీరిగ్గా అతుకులు చూసుకోండి అత్తయ్యా.”