పసుపు పూసిన పెట్టె

వంతెన బోల్టులను సుత్తితో తట్టుకుంటూ వస్తున్న నూకరాజు నడి స్తంభం దగ్గర ఆగిపోయాడు. పెట్టె మీద పచ్చదీపం వెలగడం లేదు.

అన్నం డబ్బా అంత పెట్టె అది. వంతెన ఎంత వణుకుతోందో పసిగట్టి, తీగ లేకుండానే బిలాస్‌పూర్ ఆఫీసుకు చెబుతుంది. దాన్ని బిగించిన ఇంజనీరు ప్రణీత అతనికి ఒక్కటే చెప్పింది: దీపం ఆరితే ఎర్రజెండా చూపాలి.

నూకరాజుకు ఈ వంతెన కాపలా తప్ప వేరే బతుకు తెలియదు. పెళ్లిచూపులకు కూడా గ్రీజు చేతులతోనే వెళ్లాడు. రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండాలని కోరిక. కానీ కిందటి నెల డ్యూటీలో కునుకు తీస్తూ పట్టుబడ్డాడు. ఇంకో తప్పు జరిగితే షెడ్డుకు పంపుతామన్నారు.

పెట్టెను దగ్గరగా చూసి నాలుక కరుచుకున్నాడు. మొన్న విశ్వకర్మ పూజకు సుత్తికీ, స్పానర్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. కొత్తగా వచ్చింది కదా అని దీనికి మరికాస్త దట్టంగా పట్టించాడు, ఎండ తాగే నీలి పలకతో సహా! భక్తి ఎక్కువైంది, బ్యాటరీ చచ్చింది.

చొక్కా అంచుతో గబగబా తుడిచాడు. దీపం రాలేదు. ఆఫీసులో ఫోను ఎవరూ ఎత్తలేదు. కోటా స్టేషన్ వైపు నుంచి బొగ్గుబండి కూత వినిపించింది.

నూకరాజుకు భయం వేసింది. దీపం ఆరింది తన పసుపు వల్లే, నూటికి తొంభై పాళ్లు. జెండా ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. రేపు ఎండ కాస్తే దీపం అదే వెలుగుతుంది. ఎత్తితే బండి ఎందుకు ఆగిందని అడుగుతారు, పసుపు బయటపడుతుంది. మరి మిగిలిన పది పాళ్లు? పట్టాలు సన్నగా మోగుతున్నాయి.

అతను బండికి ఎదురు పరుగెత్తి జెండా విప్పాడు.

బ్రేకులు కీచుమన్నాయి. వంతెన మొదట్లో బండి ఆగింది. డ్రైవరు సూర్యం, వాళ్ల తెలుగు కాలనీవాడే, తల బయటపెట్టాడు.

"ఏటి మావా, వంతెనకేటైనా అయిందా?"

"తెల్దురా. తెల్దు గనకే ఆపినాను."

కబురంది ట్రాలీ మీద వచ్చిన ప్రణీత అంతా పరీక్షించింది. వంతెన భేషుగ్గా ఉంది. ఆమె పెట్టె వైపు తిరగ్గానే నూకరాజు తలవంచుకున్నాడు.

"నానే పూసినానమ్మా, పూజకి."

"నేను మాట్లాడి చూస్తాను బాబాయ్," అంది ఆమె. మాట్లాడింది కూడా. పైవాళ్లు వినలేదు.

సాయంత్రానికి షెడ్డు డ్యూటీ ఖాయమైంది. నూకరాజు సుత్తీ జెండా అప్పగించి పట్టాల వెంట నడిచాడు. చూస్తే ఏడుపొస్తుందని వెనక్కి తిరగలేదు.

ప్రణీత తడిగుడ్డతో నీలి పలకను శుభ్రంగా తుడిచింది. పెట్టె మీద అతను పెట్టిన కుంకుమబొట్టు జోలికి మాత్రం పోలేదు.