గాలిలో తిరిగే చక్రం

"నీకేం సమజైతది, నువ్ చాయ్ వెట్టు," అన్నాడు ఋషికేశ్, భార్య దీపాలి ప్రశ్న సగంలో ఉండగానే.

ఆమె అడగబోయింది చిన్న మాటే. బండి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ లాకర్లు వేయించాలంటున్నారు కదా, అసలు ఆ రోజు కుంభారి దారిలో బండి ఎందుకు ఇరుక్కుందో ఎవరికైనా తెలుసా అని. చాయ్ అప్పటికి రెండుసార్లు ఇచ్చింది. మూడోసారి పెట్టడానికి లేవలేదు. గడప దగ్గర కూర్చుని టవళ్ళకు వేలాడుతున్న పోగుల్ని చిన్న కత్తెరతో కత్తిరిస్తూ ఉండిపోయింది. వెనక గదిలో సాంచా, టవళ్ళు నేసే మరమగ్గం, ఆగి ఉంది. ఆగింది కరెంటు పోయి కాదు. ఫోన్లో లాకర్లు బిగించే పుణె షాపు వాడి మాట వినబడటం లేదని గంట కింద ఋషికేశ్ లోపలికొచ్చి బంద్ చేసి పోయాడు. అడగలేదు, చెప్పలేదు. నడుస్తున్న సాంచాని సగం టవల్ మీద ఆపితే అక్కడ అడ్డంగా గీత పడుతుందని నేతవాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి తెలియకపోదు. ఆ గీత దీపాలి ఖాతాలో పడుతుంది కాబట్టి ఆయనకు పట్టదు.

కుంఠా నాకా సందు సగం ఆ బండే మింగేసింది. పదిహేనేళ్ళ పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు. నెత్తిన మడత గుడారం, వెంట నీళ్ళ డబ్బాలు, ముందు నాలుగు లైట్లు. ఓవర్‌ల్యాండింగ్ అట. రోడ్డు సరిగా లేని కొండల్లోకి వారాల తరబడి పోవడం, బండిలోనే వండుకోవడం, బండి మీదే పడుకోవడం. వండుకోవడం అన్న మాట విన్నప్పుడల్లా దీపాలికి ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మగవాడు ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లోని స్పితి లోయలో వండుకు తింటాడట. ఆ వంట కోసం మసాలాలు వేయించి, పొడి కొట్టి, సీసాల్లో పోసి, ఒక్కో సీసా మీద పేరు రాసిన చేయి ఆమెది.

బండి కాగితం కూడా ఆమె పేరు మీదే ఉంది. ఆమె మీద ప్రేమతో కాదు. ఋషికేశ్ పేరు మీద వాహనం కలిసిరాదని జాతకం చూసిన వాడు చెప్పాడు. అంతే, కాగితం మీద ఆమె, తాళంచెవి దగ్గర ఆయన. టవళ్ళ మూటలు మాత్రం అందులోకి ఎక్కకూడదు. నూలు దుమ్ము సీట్లకు అంటుకుంటుంది కదా మరి. అందుకని కుంభారిలోని కార్మికుల కాలనీలో అంచులు కుట్టే ఆడవాళ్ళకు ఇవ్వాల్సిన మూటల్ని వారానికి రెండుసార్లు ఆమె బస్సులో మోసుకుపోతుంది. కండక్టర్ ప్రతిసారీ విసుక్కుంటాడు. ఆ బండికి యజమానురాలు ఆ బస్సులో ఒంటికాలి మీద నిలబడుతుంది.

అంతవరకూ ఓర్చుకుంది. ఇవాళ్టి సంగతి వేరు. లాకర్లకు కావలసిన డబ్బు కోసం వెనక గదిలోని టెర్రీ సాంచా అమ్మాలని నిర్ణయం అయిపోయింది. బేరగాణ్ణి కుదిర్చింది ఋషికేశ్ స్నేహితుడు మంగేశ్. ఆ బేరగాడు మధ్యాహ్నం చూడటానికి వస్తాడట. ఆ సాంచా ఆమె తండ్రి సిద్ధరాములుది. ఆయన తన షెడ్డు మూసేస్తూ మిగతావన్నీ అమ్మి, అదొక్కటి కూతురికిచ్చి పోయాడు. ఆ ఇంట్లో దీపాలి తనది అని వేలు పెట్టి చూపించగలిగింది అదొక్కటే. పొద్దున వంట, అత్తకు స్నానం, అంట్లు, బట్టలు, అన్నీ అయ్యాక దాని ముందు నిలబడితే ఆ చప్పుడులో ఎవరి పిలుపూ వినబడదు. అది ఆమెకు దొరికే సెలవు.

నిన్న ఆ మాట చెబుతున్నప్పుడు అత్త గంగమ్మ పక్కనే ఉంది. "మొగోని సోకు మొగోనికుంటది. నువ్వు ఇంట్ల కూసొని ఏం పీకుతున్నవని ఆ సాంచా?" అంది. ఆ సాంచా మీద నేసిన టవల్‌తోనే మొహం తుడుచుకుంటూ అంది.

లాకర్ అంటే ఏమిటో దీపాలి కుంభారి బస్సు కోసం నిలబడ్డ గంటల్లో ఫోన్లో చదువుకుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియల్. ఆ సంగతి ఆమెకు చప్పున అర్థమైంది, ఎందుకంటే టెర్రీ సాంచాకూ రెండు బీములు, నిలువు పోగు చుట్టిన పెద్ద దండెలు, ఉంటాయి. కింది బీము పోగు బిగువుగా రావాలి, పై బీము పోగు వదులుగా, ఎక్కువెక్కువగా రావాలి. ఆ వదులే టవల్ మీద మెత్తగా లూపులుగా లేచి నిలుస్తుంది. రెండూ ఒక్క తీరుగా వస్తే టవల్ కాదు, గోనెపట్టా అవుతుంది. నిరుడు ఋషికేశ్ చేసిన పని అదే. లూపులు ఎగుడుదిగుడుగా వస్తున్నాయని ఎవరినీ అడక్కుండా పై బీముకు కూడా కింది బీమంత బరువు కట్టి బిగించేశాడు. ఆ బీము నూలంతా చదును టవళ్ళుగా దిగింది. సరుకు తిప్పి పంపిన వ్యాపారికి ఏం చెప్పాడో దీపాలి పక్కనే నిలబడి విన్నది. సాంచా మీద మా ఇంటామె ఉండె సేట్, ఆడోళ్ళ పని గట్లనే ఉంటది అన్నాడు. బిగిస్తే అన్నీ బాగుపడతాయని నమ్మే మనిషి. ఇప్పుడు బండి మీద పడ్డాడు.

డిఫరెన్షియల్‌కు ఒక లోపం ఉందని కూడా చదివింది. ఒక చక్రం బురదలోనో గాలిలోనో పట్టు లేకుండా తిరుగుతుంటే ఇంజిన్ బలమంతా దానికే పోతుంది. నేలమీద బరువు మోస్తూ నిలబడ్డ చక్రానికి ఏమీ అందదు. అది చదివినప్పుడు ఆమెకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో చూస్తున్నదే. లాకర్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరగక తప్పదట. ఇళ్ళకు కూడా ఇలాంటిది ఒకటి తయారుచేసి ఉంటే బాగుండేది అనుకుంది. బస్సు రాగానే మూట నెత్తికెత్తుకుంది.

కానీ ఆ రోజు బండి ఇరుక్కున్నది లాకర్ లేక కాదు. వాన వెలిసిన మర్నాడు, వీడియో తీసే మనిషి కావాలని ఆమెను ఎక్కించుకున్నాడు. ఆ ఒక్కరోజే మూటలకూ బండిలో చోటు దొరికింది. కుంభారికి ఇవతల నల్లరేగడి చేల మధ్య దారిలోకి కావాలనే తిప్పాడు. వెనక ఎడమ చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరిగింది. మిగతా మూడూ కదలలేదు. ఆయన సీటు దిగలేదు, ఎక్కిళ్ళు పట్టినట్టు ఆక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు. మోకాలి లోతు బురదలో దిగింది దీపాలి. ముందు చక్రాల నడిబొడ్డున ఉండే హబ్బుల్ని చేత్తో తిప్పి లాక్ చేస్తేనే ఫోర్‌వీల్ లివర్ వేసినప్పుడు ముందు చక్రాలకు బలం అందుతుంది. ఈ సంగతి బండి అమ్మినాయన కొన్న రోజే చూపించాడు. అప్పుడు ఋషికేశ్ బండికి దండ వేసి ఫోటో దిగుతున్నాడు. ఆమె రెండు హబ్బులూ తిప్పి, మూట విప్పి గోనె చక్రం కింద పరిచి, మెల్లగా తొక్కమంది. బండి లేచి వచ్చింది. హబ్బులు తిప్పినానని చెబితే, "ఏదో తిప్పినవ్‌లే, నేను ఇంజిన్ గుంజిన కాబట్టి వచ్చింది," అన్నాడు. సీటుకు బురద అంటుతుందని ఆమెను వెనక మూటల మీద కూర్చోమన్నాడు.

ఆ వీడియోకి ఆయన పెట్టిన పేరులో సోలో అనే మాట ఉంది. అందులో ఆమె ఎక్కడా లేదు. ఒక్కచోట మాత్రం బురద పాదం ఒకటి కనబడి పోతుంది. అది ఎవరిదో చూసినవాళ్ళెవరూ అడగలేదు.

"వహినీ, చాయ్ ఏమాయె?" అని బండికి ఆనుకుని నిలబడ్డ మంగేశ్, వదినను పిలిచినట్టు నవ్వుతూ అడిగాడు. దీపాలి కత్తెర ఆపలేదు.

స్పీకర్లో పుణె షాపు వాడు మాట్లాడుతున్నాడు. లాకర్ ఉంటే మనసు నిశ్చింత అంటున్నాడు. ఫోర్‌వీల్ వేసినా ఇరుక్కుందా, హబ్బులు లాక్ చేసే ఉన్నాయా అని అడిగాడు. ఋషికేశ్ మంగేశ్ మొహం చూశాడు. మంగేశ్ టైరు మొహం చూశాడు.

"అన్నీ వేసినం భావూ," అన్నాడు ఋషికేశ్.

"వెయ్యలే," అంది దీపాలి.

ఆ మాట ఫోన్లోకీ పోయింది. ఋషికేశ్ చూసిన చూపుకు వేరే రోజైతే ఆమె లోపలికి లేచిపోయేది. షాపు వాడు అదేం పట్టించుకోలేదు. కాగితం మీద దీపాలి అని ఉంది, ఆమె ఒప్పుకుంటున్నానని చెబితేనే పని మొదలుపెడతాం, ఇన్సూరెన్స్ గొడవలు వస్తాయి అన్నాడు. ఆమెకేం తెలియదు, నేను చెబుతున్నా కదా అని ఋషికేశ్ రెండుసార్లు అన్నాడు. మూడోసారి ఫోన్ తెచ్చి ఆమె నోటి ముందు పెట్టాడు.

"హో అను. బస్, గంతే," అన్నాడు గుసగుసగా.

పద్దెనిమిదేళ్ళుగా ఆమెను అడిగిన మాట ఆ మరాఠీ 'సరే' ఒక్కటే. హో అను. తండ్రి చావుకు నాలుగు రోజులుండి వస్తానంటే రెండు రోజులకు హో అను. ఒళ్ళు కాలుతున్నా వచ్చిన చుట్టాలకు వండిపెట్టు, హో అను. దీపాలి ఫోన్ చేతిలోకి తీసుకుంది. షాపు వాణ్ణి మరాఠీలో నిదానంగా, నూలు వ్యాపారిని అడిగినట్టే అడిగింది. లాకర్ వేసి ఉంచితే తారురోడ్డు మీద మలుపు తిరుగుతుందా? తిరగదు, తీసెయ్యాలి అన్నాడు. స్పితి దాకా దారిలో ఎక్కువ భాగం రోడ్డే కదా? అవును మేడమ్. దానికి గాలి కొట్టే మోటారు, పైపులు ఉంటాయట, కొండల్లో అవి చెడిపోతే బాగుచేసేది ఎవరు? వాడు కాస్త నసిగాడు. రాళ్ళ గుట్టలెక్కి చక్రం గాలిలో లేపుకునే వాళ్ళకైతే తప్పనిసరి, మీకు టైర్లు మంచివి ఉండి, హబ్బులు లాక్ చేసుకోవడం తెలిస్తే దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది అన్నాడు. అన్నాక బేరం పోతుందని గుర్తొచ్చినట్టుంది, పోనీ వెనక ఒక్కటైనా వేయించండి అన్నాడు.

"ఒక్కటి గూడ వద్దు," అంది దీపాలి. ఈసారి తెలుగులోనే అంది, వినవలసిన వాళ్ళు ఇక్కడే ఉన్నారు కాబట్టి. "బండిల లోపం లేదు. నడిపే మనిషిని మారిస్తె సాలు."

ఫోన్ పెట్టేసింది. మంగేశ్ నవ్వబోయి ఋషికేశ్ మొహం చూసి మానుకున్నాడు. నలుగురిలో ఇజ్జత్ తీసినవ్, నీకు డ్రైవింగ్ నేర్పించినందుకు నాకు బుద్ధి లేదు అని ఋషికేశ్ మొదలుపెట్టాడు. నేర్పింది ఆయన కాదు, హోట్గి రోడ్డులోని డ్రైవింగ్ స్కూలు. దీపాలి లేచింది. బానెట్ మీద ఉన్న తాళంచెవి తీసుకుంది. పోగులు కత్తిరించిన టవళ్ళను మూటలు కట్టి ఒక్కొక్కటే తెచ్చి ఆ శుభ్రమైన సీట్ల మీద వేసింది. నూలు దుమ్ము లేచి ఎండలో సీట్లనిండా పరుచుకుంటుంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

గంగమ్మ గడపలోకి వచ్చింది. "యాడికి? పగటీలికి బువ్వ ఎవలొండాలె?"

"బియ్యం పీపల ఉన్నయ్ అత్తమ్మ. ఆయన స్పితిల ఒండుకుంటడట, ఇయ్యాల ఈడ్నే నేర్సుకోనియ్."

వెనక గదిలోకి పోయి సాంచా గదికి తాళం వేసింది. ఆ చెవిని బండి చెవితో పాటే కొంగున ముడివేసుకోబోయి, ఆగి, దాన్నొక్కటే ముడివేసి, బండి చెవి చేతిలో ఉంచుకుంది.

"మధ్యాహ్నం బేరగాడు వస్తున్నడు," అన్నాడు ఋషికేశ్. గొంతులో ఇందాకటి బలం లేదు. "వానికేం చెప్పాలె?"

దీపాలి డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దం తన ఎత్తుకు సరిచేసుకుంది.

"కూసోమను. సాంచా గాదు, నేనొచ్చి బండి చూపిస్త."