పక్కింటి తాలింపు

బెంగాలీ గడ్డ మీది మా మథురాకాటి రైల్వే క్వార్టర్ల లైన్లలో నూకయ్య గొంతు తెలియనివాళ్ళు లేరు. శానిటరీ ఆఫీసు తరఫున టముకు వేసే పని అతనిది. కుళాయి నీళ్ళు ఏ పూట రావో, ఎలకల మందు ఎక్కడ పంచుతారో అతను వీధిలోకి వచ్చి చెబితేనే మాకు తెలిసేది. ఆఫీసువాళ్ళు గోడలకి కాగితాలు కూడా అంటించేవారు. ఇంగ్లీషులో, బెంగాలీలో, హిందీలో. వర్క్‌షాపులో సైరను మోగితే లోపలికి పోయేవాళ్ళలో ఎంతమంది తెలుగువాళ్ళో ఆ దొరలకి తెలియదా? అయినా తెలుగు కాగితం ఒక్కటి వెయ్యాలని ఎవరికీ తోచలేదు. కాగితానికి బదులు నూకయ్యని పెట్టుకున్నారు. అయితే గోడ మీది కాగితం సొంతంగా రెండు మాటలు కలపదు. నూకయ్య కలుపుతాడు.

యాభై ఎనిమిది వేసవిలో ఊళ్ళోకి అమ్మవారు వచ్చింది. డాక్టర్లు మశూచి అంటారు, మేము ఆ మాట నోటితో అనం. ఇంట్లో ఎవరి ఒంటికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కడతాం. మండ కట్టిన ఇంటికి చుట్టం రాడు, చాకలి రాడు. ఆ ఇంట్లో తల్లిని సాగనంపేదాకా తాలింపు పెట్టరు, పొయ్యి మీద నూనె చిటపటలాడితే ఆమెకి కోపమని. మండ కనపడగానే పిల్లల్ని చంకనేసుకుని అవతలి వైపు నుంచి నడిచిపోయేవాళ్ళం. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా అర్థమయ్యే బోర్డు అది.

సరిగ్గా ఆ వేసవిలోనే నూకయ్య కూతురు దాలమ్మ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఒక్కతే కూతురు. ఎండకి ముఖం వాడినా నవ్వు వాడని పిల్ల. ఊరందరికీ టీకాలు వేయించుకోమని చాటే నూకయ్య కూతురికి కూడా వేయిద్దామన్నాడు. అతని భార్య సింహాచలమ్మ అడ్డం పడింది.

"కడుపుతో ఉన్నదానికి సూదేటి? జొరమొస్తే లోపల నలుసుకేటవుతాదో ఎవులు సూసినారు? పురుడెల్లనీ, అప్పుడేయిద్దాం."

ఇల్లు గెలిచి రచ్చ గెలవమన్నారు. నూకయ్య రచ్చ గెలిచినవాడే కానీ ఇల్లు ఏనాడూ గెలవలేదు. అందుకని కూతురికి ఒకటే జాగ్రత్త చెప్పాడు.

"ఏ గుమ్మానికైనా మండ కనపడితే ఆ సాయలకి పోకమ్మా. మండ నేని కాడికి నీ ఇష్టం."

దాలమ్మ ఆ మాట తూచా తప్పకుండా పాటించింది. మండ ఉన్న ఇళ్ళేవో కుళాయి దగ్గర మాకు ఆ పిల్లే చెప్పేది.

ఈలోగా మా వెనక లైనులో పోలమ్మ మొగుడికి అమ్మవారు పోసింది. ఆఫీసు బండి వచ్చి అతన్ని హిజ్లీ రోడ్డు పక్కన రోగుల్ని విడిగా ఉంచే రేకుల షెడ్డుకి తీసుకుపోయింది. అతను మళ్ళీ రాలేదు, అక్కడే పోయాడు. ముఖమైనా చూడనివ్వలేదని పోలమ్మ వీధిలో కూర్చుని మన్ను నెత్తిన పోసుకుంది. ఆ ఏడుపు విన్నాక బండి చప్పుడంటేనే లైన్లన్నీ హడలిపోయాయి.

అలాంటి సమయంలో ఆఫీసు కొత్త ఉత్తర్వు పంపింది, రోగం ఉన్న ఇంటివాళ్ళు వచ్చి చెప్పాలని. తల్లి వచ్చిందని ఆఫీసుకి పోయి దొంగని పట్టిచ్చినట్టు చెప్పడం మనవాళ్ళ వల్ల కాదని నూకయ్యకి తెలుసు. ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. మర్నాడు పొద్దున్నే టముకు మోగింది.

"ఇనండి బాబూ ఇనండి. సూదులోళ్ళు గోల్‌బజార్ కాడ కూసున్నారు, పిల్లల్ని తెండి. ఇంటికి అమ్మోరొత్తే ఆపీసుకి తెలపాల. నోటితో అననక్కర్నేదు. గుమ్మానికి మండుంటే సాలు, అది సూసి బండే ఒత్తాది."

ఆ చివరి రెండు మాటలూ ఆఫీసు చెప్పమన్నవి కావు. తల్లి మర్యాదా, మన మర్యాదా రెండూ కాపాడానని నూకయ్య ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు.

తెల్లవారేసరికి మా లైను మొత్తం మీద ఒక్క మండ లేదు.

ఇళ్ళల్లో అమ్మవారు ఉంది. మండలు మాత్రం తలుపుల వెనక్కి, మంచాల కిందికి పోయాయి. నూకయ్యకి అనుమానం రాలేదా అని మీరడగచ్చు. అదే వారం పెద్ద గాలివాన వచ్చింది. వాన పడితే తల్లి చల్లబడుతుందని మా అందరి నమ్మకం. ఆఫీసులో ఇన్‌స్పెక్టరు బాబు కూడా రోగం తగ్గుముఖం పట్టిందని భుజం తట్టాడట. ఇంట్లో నిండు చూలాలున్న తండ్రి మంచి మాట వింటే నమ్మక ఏం చేస్తాడు?

"అమ్మోరు సల్లబడినాది. ఇంక కాసింత తిరగమ్మా, కాళ్ళు నీరు పట్టకుంటాయి" అని కూతురికి చెప్పాడు.

నూకయ్య ఇంటికి గోడ ఆనుకుని ఉన్నది అప్పలనర్సమ్మ ఇల్లు. ఆమె మొగుడు బాయిలరు షాపులో పనిచేస్తూనే చనిపోయాడు. ఆ ఉద్యోగం కొడుకు దేముడికి ఇచ్చారు. ఆమెకి ఉన్నది ఆ కొడుకొక్కడే. రెండు వంటిళ్ళకీ మధ్య గోడ ఒకటే, అదీ పైదాకా లేదు. అందుకని ఈ ఇంటి తాలింపు ఘాటుకి ఆ ఇంట్లో తుమ్మేవారు. దాలమ్మ చిన్నప్పుడు ఆ వాసన పట్టుకునే "పెద్దమ్మా, ఈయాల పప్పా?" అని గోడ మీదుగా అరిచేది.

ఆ వారంలోనే దేముడికి అమ్మవారు పోసింది. టముకులో విన్న మాటకి భయపడి అప్పలనర్సమ్మ మండని గుమ్మానికి కట్టకుండా, కొడుకు తలాపున పెట్టుకుంది. వాడు నైటు డ్యూటీ చేసి పడుకున్నాడని అందరికీ చెప్పింది. ఆఫీసు కళ్ళు కప్పింది కానీ తల్లి దగ్గర తప్పు చెయ్యలేదు. తాలింపు మానేసింది.

నాలుగు పూటలు గడిచాయి. గోడ అవతలి నుంచి తాలింపు వాసన రాలేదని దాలమ్మ గమనించింది. గుమ్మానికి మండ లేదు. మండ లేని ఇంట్లో తాలింపు లేదంటే మావాళ్ళు ఒకటే అనుకుంటారు, ఇంట్లో నూనె లేదని. అడిగితే పెద్దమ్మ చిన్నబోతుంది. దాలమ్మ ఎవరికీ చెప్పకుండా వంకాయ పులుసు కాచి, ఆవాలూ ఎండుమిరపకాయలూ దండిగా వేసి తాలింపు పెట్టి, కంచు గిన్నెలో పోసుకుని పెరటి వైపు నుంచి వెళ్ళింది.

అప్పలనర్సమ్మ అప్పుడు కుళాయి దగ్గర ఉంది. లోపల చీకట్లో ఎవరో నీళ్ళు అడిగారు. దాలమ్మ గిన్నె కింద పెట్టి, చెంబుతో నీళ్ళు ముంచి, తల కింద చెయ్యి పెట్టి ఎత్తి తాగించింది. తాగుతున్నప్పుడు కళ్ళు చీకటికి అలవాటుపడి దేముడి ముఖం కనపడింది.

నీళ్ళతో వచ్చిన అప్పలనర్సమ్మ బిందె గుమ్మంలోనే దించేసింది. వచ్చి దాలమ్మవి రెండు చేతులూ పట్టుకుంది.

"మీ అయ్యకి సెప్పకమ్మా. సెప్తే బండొత్తాది. పోలమ్మకైనట్టే నాకూ అవుతాది. నాకింకెవులున్నారు?"

"సెప్పను పెద్దమ్మా. నువ్వేడవకు" అంది దాలమ్మ.

చెప్పలేదు. ఆ సాయంత్రం నూకయ్య అలవాటుగా "ఎక్కడైనా మండలు కనపడినాయా అమ్మా?" అంటే, "ఎక్కడా నేవయ్యా" అంది. అది అబద్ధం కూడా కాదు.

దేముడు లేచి కూర్చునే వేళకి దాలమ్మకి జ్వరం వచ్చింది. నడుం నొప్పంటే కాన్పు నొప్పులేమోనని సింహాచలమ్మ మంత్రసానికి కబురు పెట్టింది. మంత్రసాని దీపం దగ్గరికి తెచ్చి ముఖం చూసి, అమ్మవారికి చేతులు జోడించి వెళ్ళిపోయింది.

నూకయ్య కూతురి మంచం పక్కన కూర్చున్నాడు.

"మండ నేని కాడికే పోనావు కదమ్మా. మరెక్కడ తగిలినాది?"

అప్పుడు చెప్పింది దాలమ్మ. తాలింపు లేని సంగతీ, పులుసు సంగతీ, నీళ్ళ సంగతీ.

"ఆ దినమే నాకెందుకు సెప్పనేదే తల్లీ?"

"నువ్వు టముకోడివి కదయ్యా. నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే కదా."

నూకయ్య లేచి బయటికి వెళ్ళి పచ్చి వేపమండ విరుచుకొచ్చి తన గుమ్మానికి కట్టాడు. సింహాచలమ్మ కాళ్ళకి చుట్టుకుంది, కట్టొద్దు, బండి వస్తుందని. "రానీ. ఒత్తాదని సెప్పినోణ్ణి నానే కదేటి" అన్నాడు. మేమంతా మా మా గుమ్మాల్లో నిలబడి చూశాం. దాచిన మండ లేని ఇళ్ళు మా లైనులో ఎన్ని ఉన్నాయి గనక?

బండి వచ్చింది. ఆఫీసు మనిషి కాబట్టి నూకయ్యని షెడ్డులోకి రానిచ్చారు. అక్కడి కాంపౌండరు విల్‌ఫ్రెడ్ మన తెలుగు క్రైస్తవుడే, మంచివాడు. అంతా విని తల దించుకున్నాడు.

"తగిలిన రెండు మూడు రోజుల్లో తెలిసినా టీకా వేసి కాపాడే వీలుండేది అన్నా. ఇప్పుడు ప్రార్థన తప్ప ఏమీ లేదు."

బిడ్డ ముందు పోయింది, లోపలే. దాలమ్మ ఆ తర్వాత ఎంతో సేపు లేదు. చివర్లో దాహం అంటే నూకయ్య తల కింద చెయ్యి పెట్టి ఎత్తి నీళ్ళు పట్టాడు. సగం బయటికే వచ్చేశాయట. నాకు ఆఫీసు మీద కోపం, పోలమ్మకి మొగుడి ముఖం చూపించనివాళ్ళ మీద కోపం, మా అందరి మీదా కోపం. ఎంత కోపం తెచ్చుకున్నా ఆ పిల్ల రాదు.

కర్మ అయ్యాక నూకయ్య టముకు భుజాన వేసుకుని వచ్చాడు. అంతకుముందులా ఖంగుమనలేదు గొంతు.

"మండలు కట్టండి. బండి కోసం కాదు, పక్కింటోళ్ళ కోసం కట్టండి. ఎవుల్నైనా బండెక్కిత్తే నాను కూడా ఎక్కుతాను, ముకం సూసొచ్చి మీకు సెప్తాను. కట్టండి బాబూ."

ఆ పూట ఎవరూ కదల్లేదు. మర్నాడు పోలమ్మ తన గుమ్మానికి ఒక మండ కట్టింది, ఇంట్లో రోగం లేకపోయినా. తర్వాత ఒక్కొక్క గుమ్మానికీ కనపడ్డాయి. నూకయ్య మాట ప్రకారం ప్రతి బండీ ఎక్కాడు.

దేముడికి తలకి పోశారు, తల్లిని సాగనంపారు. ముఖం నిండా మచ్చలతో డ్యూటీకి పోతున్నాడు. ఐనా అప్పలనర్సమ్మ ఇంట్లో తాలింపు మోగలేదు. చప్పిడి మెతుకులే తింటున్నారు.

ఒక మధ్యాహ్నం నూకయ్య పెరటి వైపు నుంచి వెళ్ళాడు. ఆమె కంచు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. దాలమ్మ తెచ్చిన గిన్నె. తోమి తోమి అద్దంలా చేసింది.

"ఇయ్యనేక సస్తన్నాను మరిదీ. ఉత్త గిన్నె ఎలగ తిరిగిచ్చీది? ఏటేసి ఇచ్చీది?"

"తాలింపెట్టు వదినా."

ఆమె తలెత్తి చూసింది.

"ఈ ఇంట తాలింపు నేదనే కదా నా గుంట దాలి వచ్చినాది. ఇంకా నేకపోతే ఎలగ? పెట్టు."

అప్పలనర్సమ్మ పొయ్యి రాజేసింది. పప్పు ఉడికింది. నూనె కాగాక ఆవాలు వేస్తే చిటపటమన్నాయి. గోడ అవతల నేల మీద పడుకున్న సింహాచలమ్మకి ఆ ఘాటు తగిలింది. లేచి కూర్చుని, అలవాటు కొద్దీ పెరటి వైపు తిరిగి, "దాలీ, పెద్దమ్మ పప్పెట్టినాదే" అంది.