తిట్టి రప్పించిన ఉత్తరాలు

డ్రాయింగు మాస్టారికి పేరున్న రచయితల చేతిరాత ఉత్తరాలు పోగుచేసే పిచ్చి. వాటిని సంపాదించిన తీరు మాత్రం పరమ అన్యాయం. మెచ్చుకుంటూ రాస్తే మహారచయితల నుంచి ఉలుకూ పలుకూ ఉండదని ఆయన వయసులో ఉన్నప్పుడే కనిపెట్టేశారు. అందుకని తిట్టేవారు. "ఆకుపచ్చ గొడుగు పట్టుకెళ్ళిన అమ్మాయి నీలం గొడుగుతో ఎలా తిరిగొచ్చిందండీ? నిద్రపోతూ రాశారా?" అని ఒక కార్డు ముక్క పడేస్తే చాలు, సదరు రచయిత అగ్గిమీద గుగ్గిలమై సొంత దస్తూరీతో నాలుగు పేజీలు తిరుగుటపాలో పంపేవాడు.

అబ్బ, ఏం రోజులవి! పోస్టుమాను సైకిలు గంట వినబడగానే మాస్టారు గడ్డం మీద సబ్బు నురగతోనే వీధిలోకి పరుగెత్తేవారు.

"ఈయన మిమ్మల్ని శుద్ధ మూర్ఖుడన్నాడండోయ్!" అని భార్య చదివి వినిపించేది.

"అననీవే. దస్తూరీ చూడు, ముత్యాలే!" అని ఈయన మురిసిపోయేవారు.

ఒక్క పెద్దాయన్ని తిట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆయన నవలలంటే మాస్టారికి ప్రాణం. ఏటా ఒక ఉత్తరం రాసేవారు, అంతా పొగడ్తే. మాస్టారి జుట్టు నెరిసిందిగానీ జవాబు రాలేదు.

ఈమధ్య ఆ పెద్దాయన మంచాన పడ్డారని పేపర్లో వేశారు.

"ఇంకా ఏం చూస్తారండీ? ఆయన్నీ నాలుగు తిట్టండి," అంది భార్య.

"ఆయన్నా? నీకేమైనా మతి పోయిందా?"

"ఆయన అక్షరం ఒక్కటైనా చూడకుండానే అయిపోతుందేమోనని..."

మాస్టారు మనసు రాయి చేసుకుని రాశారు. 'చివరి నవలలో ఆ ముసలాయన్ని ఒంటరిగా రైలెక్కించేశారు. సాగనంపడానికి ఒక్కణ్ణీ స్టేషనుకు రానివ్వలేదు. మీకు చేతులెలా వచ్చాయి?' కవరు పోస్టు డబ్బాలో పడిన క్షణం నుంచీ ఆయనకు ముద్ద దిగలేదు. జబ్బుమనిషిని పట్టుకుని తిట్టానే అని తనను తానే తిట్టుకున్నారు.

జవాబు వచ్చింది. అక్షరాలు వణికి, వరసలు కిందికి జారిపోయాయి.

'అయ్యా, మీ ఉత్తరాలన్నీ నా తలగడ పక్కనే ఉన్నాయి. మీ చేత తిట్లు తిన్న మిత్రులు చెప్పారు, జవాబు అందితే ఇక మీరు రాయరట. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నాను. ఇప్పుడు మీకు కోపమొచ్చిందని తెలిశాక ఉండబట్టలేదు. రాయడం మానకండి.'

నిజమే, జవాబిచ్చినవాళ్ళెవరికీ మాస్టారు రెండో ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఎదురుచూసింది తానొక్కడే అనుకున్నారు ఇన్నేళ్ళూ. కళ్ళనీళ్ళు బొటబొటా కాగితం మీద రాలబోతే గభాలున పక్కకు జరిపారు.

భార్య ఆల్బం, జిగురు సీసా తెచ్చింది. "ఇలా ఇవ్వండి, అతికిస్తాను."

"అదంతా తర్వాతే. ముందు పెన్ను ఇటు తే. డబ్బాలో ఉత్తరాలు తీసే వేళయింది, ఆయన అక్కడ చూస్తుంటారు."