ముప్ఫై దాకా లెక్కపెట్టే లోర్నమ్మ

నేను ఒక చెక్క గుంజని. ముందుగా నా భయం చెప్పేస్తాను, లేకపోతే కథ చెబుతున్నంతసేపూ అదే అడ్డం పడుతుంది. తలుపు కొట్టిన మనిషి, లోపలి మనిషి లేచి వచ్చేలోపే వెళ్ళిపోతాడేమోనని నా భయం. మంచన్నా, గొడ్డలన్నా, పొయ్యన్నా నాకు అంత భయం లేదు.

కెనడాలో రెజైనా అని ఒక ఊరు. కొండన్నది లేని చదును నేల, ఆపేవాళ్ళు లేని గాలి. ఆ ఊళ్ళో పీట్ అనే ఆయన పెరటి కంచెలో మొదట నేనొక పలకని. ఒక ఏడు గాలికి కంచె మొత్తం పడిపోయింది. పీట్ రైల్వేలో వెల్డింగు చేసి రిటైరయిన మనిషి, దేన్నీ పారెయ్యడు. మమ్మల్ని గరాజులోకి మోసుకెళ్ళి నిలువునా కోసి, ఒక కొస పెన్సిలు చెక్కినట్టు చెక్కాడు. అరవైమందిమి అయ్యాం. నా ఒంటి మీద 41 అని రాశాడు.

ఎందుకంటే ఆయన భార్య లోర్నా పార్లమెంటు ఎన్నికలకు నిలబడుతోంది. నారింజ రంగు పార్టీ. కూలీల జీతాలు, ముసలివాళ్ళ మందులు, పిల్లల డేకేరు, ఆ పార్టీ మాట్లాడేవన్నీ ఇలాంటివే. ఆ నియోజకవర్గంలో అది గెలిచి ఒక తరం దాటిపోయింది. అక్కడ అభ్యర్థి పేరు రాసిన అట్టబోర్డుని గుంజకి కొట్టి, ఒప్పుకున్నవాళ్ళ ఇంటి ముందు గడ్డిలో పాతుతారు. ఎవరి ముంగిట్లో ఏ రంగుందో చూసి జనం గాలి ఎటుందో లెక్కేసుకుంటారు. కుక్కలు మాత్రం ఏ రంగునీ గౌరవించవు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"నువ్వు గెలిస్తే పార్లమెంటుకని ఒట్టావా వెళ్ళిపోతావు. మరి వంట?" అన్నాడు పీట్, నా మొన నున్నగా చేస్తూ.

"ఇప్పుడు మాత్రం నేను చేస్తున్నానా? నువ్వేగా చేసేది."

"అందుకే అడుగుతున్నా. అక్కడ నీకెవరు వండిపెడతారని."

లోర్నా నర్సు. ఆస్పత్రిలో కాదు, ఇళ్ళకి తిరిగే నర్సు. మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చి, మందులు మింగించి, కాలిగోళ్ళు కూడా తీసేది. ఆ పనిలో ఆమెకి ఒక అలవాటు పట్టుకుంది. తలుపు కొట్టాక మనసులో ముప్ఫై దాకా లెక్కపెడుతుంది. కుర్చీలోంచి లేవడానికి పది, చేతికర్ర వెతుక్కోవడానికి పది, గుమ్మం దాకా నడవడానికి పది. ఓట్లు అడగడానికి వెళ్ళినా అదే లెక్క. మిగతా కార్యకర్తలు పది అనగానే తలుపు సందులో కార్డు దూర్చి, కాగితం మీద 'ఇంట్లో లేరు' అని గీసి, పక్కింటికి పోయేవాళ్ళు. లోర్నా వెంట నడిచేవాళ్ళు చలికి కాళ్ళు మార్చుకుంటూ, ఆవిడ పెదాలు కదలడం చూస్తూ నిలబడేవాళ్ళు.

మొదటిసారి ఓడిపోయింది. అందరూ "ఈసారి మీకే" అన్నారు. మనుషులు గుమ్మంలో ఒక మాట, పోలింగు గదిలో ఒక మాట అంటారని నాకు అప్పుడే తెలిసింది. పీట్ వ్యానులో తిరిగి మమ్మల్ని ఒక్కొక్కరినీ పీకి, మట్టి తుడిచి, గరాజులో వరసగా పేర్చాడు. పీకేటప్పుడు వంచి లాగడు. నిలువుగా, పన్ను పీకినట్టు, మెల్లిగా లాగుతాడు.

రెండోసారి ఎన్నికలొచ్చేసరికి పీట్ లేడు. లోర్నా తనే సమ్మెట పట్టింది. నేను వంకరగా దిగాను. ఆమె ఓడిపోయింది. ఆ సంగతి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మూడోసారి అక్టోబరులో. ఆ రోజు మధ్యాహ్నం ఎన్నికల పనులన్నీ చూసే బెవ్ అనే ఆవిడ, లోర్నా, నేను వ్యానులో ఒక వీధి చివరికి వెళ్ళాం. చిన్న అద్దె ఇల్లు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. లోర్నా తలుపు కొట్టింది.

"ఎవరూ లేరు, పద," అంది బెవ్, పది కాగానే.

లోర్నా కదల్లేదు. ఇరవై ఎనిమిది దగ్గర గొలుసు చప్పుడయింది. తలుపు వేలెడంత తెరుచుకుంది. చంకలో ఏడాది పిల్ల, తలకి మఫ్లరు, సగం మొహం.

"నో ఓట్. నాట్ సిటిజన్," అని తలుపు వేసెయ్యబోయింది ఆ అమ్మాయి. అప్పుడే పిల్ల దగ్గింది.

లోర్నా ఓటు సంగతి మర్చిపోయింది. "ఎన్నాళ్ళ నుంచీ ఈ దగ్గు? నేను నర్సుని," అంది. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

ఆమె పేరు నూకరత్నం. తుని దగ్గర పల్లె. ఇంటరు సగంలో మాన్పించి పెళ్ళి చేశారు. మొగుడు లోవరాజు లారీ నడుపుతాడు, ఎక్కితే పది పదకొండు రోజులకి గానీ ఇంటికి రాడు. ఆ పదకొండు రోజులూ ఆమె పిల్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడమే పని. ఆ సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి సిగ్గుపడింది.

"నేనూ పీట్‌కి చివరి ఏడాదంతా అలాగే చూసేదాన్ని," అంది లోర్నా.

బయట బెవ్ వాచీ చూసుకుంటోంది. "ఓటు లేని ఇంట్లో అరగంట! ఈ లెక్కన మనం వచ్చే ఎన్నికలకి ఈ వీధి పూర్తిచేస్తాం," అని నాతోనే అంది, ఎందుకంటే ఆమె చేతిలో ఉన్నది నేనే.

వెళ్ళేటప్పుడు రత్నం నన్ను చూపించి, అద్దెకున్నవాళ్ళు కూడా దీన్ని పెట్టుకోవచ్చా అని అడిగింది. పెట్టుకోవచ్చంది లోర్నా. అంతే, "వన్ మినిట్" అని లోపలికి పరిగెత్తింది. పసుపు గిన్నెతో వచ్చి నా ఒళ్ళంతా పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టింది. పాతే గోతిలో గుప్పెడు పప్పులు పోసింది. నవధాన్యాల్లో ఐదే దొరికాయట, మిగతా వాటికి బదులు ఆ ఊరి పొలాల్లో పండే మసూరు. పక్కనున్న చెట్టు కొమ్మొకటి తుంచి నాకు కట్టింది. తుని వైపు పెళ్ళికి ముందు పందిరి రాట ఇలాగే వేస్తారని, శుభం జరగాలంటే ఇలాగే నిలబెట్టాలని చేతులతో, కళ్ళతో, నాలుగు మాటలతో చెప్పింది. బెవ్ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. లోర్నా మాత్రం చెప్పులు విప్పింది, ఎవరు చెప్పారో ఏమో, అంత చలిలో.

ఆ సాయంత్రం కిటికీ అవతల రత్నం ఫోను స్పీకరులో పెట్టి మొగుడితో మాట్లాడటం విన్నాను.

"ఏవండీ, ఇయాళ ఒకావిడొచ్చిందండి. మనకి ఓటు నేదని సెప్పినా కూచుందండి."

"ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దన్నానా నేదా?"

"తియ్యకూడదనే అనుకున్నానండి. ఎంతకీ ఎల్లదే! పాపం చలిలో నిలబడిపోయింది."

"సర్లే. ఇంతకీ ఏ పార్టీ?"

"అడగనేదండి. దగ్గుకి కషాయం లాంటిదేదో సెప్పింది."

లోర్నా మళ్ళీ ఓడిపోయింది. ఎన్నికలయ్యాక బోర్డులు తీసెయ్యాలి, ఊరి రూలు. బెవ్ వచ్చి నన్ను పట్టుకోగానే రత్నం అడ్డం వచ్చింది. పదహారు రోజుల పండగ కాకుండా రాట కదపకూడదట.

"ఓడిపోయాం కదమ్మా! ఇంకా ఏం పండగ?" అంది బెవ్.

"ఓడితే మరీ కదపకూడదు," అంది రత్నం.

చివరికి బోర్డు ఊడదీసుకుని బెవ్ వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. పదహారు రోజులయ్యేసరికి నేల గడ్డకట్టి రాయిలా అయింది. లోవరాజు గునపంతో ఒక దెబ్బ వేసి చెయ్యి విదిలించుకుని, "ఇది నీలాగే మొండిదే," అని లోపలికి పోయాడు. ఆ చలికాలమంతా మంచులో, పేరు లేకుండా, పసుపూ కుంకుమ బొట్లతో నిలబడ్డాను.

సాయం చేసిన ఇళ్ళకి కృతజ్ఞత చెప్పుకుంటూ తిరుగుతున్న లోర్నా నన్ను చూసి ఆగిపోయింది. "ఊరంతా నన్ను పీకేసింది. నువ్వొక్కదానివే ఉంచావు," అంది రత్నంతో. ఆనాటి నుంచి ప్రతి గురువారం రెండింటికి వచ్చేది. పిల్ల పండుకి మంచు కోటు ఎలా తొడగాలో, లైబ్రరీలో పసిపిల్లల ఆటలు ఎప్పుడో, అన్నీ చెప్పేది. రత్నం చారు పెట్టేది. లోర్నా దాన్ని కప్పులో పోసుకుని కాఫీలా తాగేది. పండు మొదటి అడుగు నన్ను పట్టుకునే వేసింది. అది మాత్రం నేను పార్లమెంటుకి వెళ్ళినంత గొప్పగా చెప్పుకుంటాను.

ఒక గురువారం లోర్నా వచ్చి నవ్వుతూ కూర్చుంది. ఆ నవ్వు బాగాలేదు. పార్టీ సభ్యులంతా స్కూలు హాల్లో సమావేశమై, వచ్చే ఎన్నికలకి లోర్నాని కాదని ఒక కుర్ర లాయర్ని అభ్యర్థిగా ఎన్నుకున్నారు. మంచివాడే, చురుకైనవాడే. ఓడిన లోర్నా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందట.

"బెవ్ ఏమందో తెలుసా? ఆయన గంటకి ముప్ఫై ఇళ్ళు తిరుగుతాడట. నేను ఆరు."

"ముప్ఫై ఇళ్ళా లోర్నమ్మా, ముప్ఫై తలుపులా?" అంది రత్నం.

లోర్నా అప్పుడు నిజంగా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. కొత్తాయన బోర్డులకి ఇనప తీగ కాళ్ళు తెప్పించాడు. గరాజులో ఉన్న నా తోటివాళ్ళు యాభైతొమ్మిది మందీ పార్టీ వనభోజనాల మంటలో కాలిపోయారు. బాగా మండారట. కంచె చెక్కలం, ఎండి ఉన్నాం కదా.

కిందటేడు లోవరాజు పని ఎడ్మంటన్ అనే దూరపు ఊరికి మారింది. కదిలే ముందు రత్నం నన్ను తనే పీకింది. పీట్ లాగానే, నిలువుగా, మెల్లిగా. ఎవరూ నేర్పలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని లోర్నా ఇంటికి తెచ్చి, గుమ్మం మెట్ల పక్కన పాతి, మళ్ళీ పసుపు రాసి, నా మొదలు దగ్గర బఠానీ గింజలు నాటింది. అప్పటికే లోర్నా నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడుస్తోంది.

"దీన్ని పీకకండి లోర్నమ్మా. నేనొచ్చి పీకుతాను. గురువారం రెండింటికి ఫోను చేస్తాను, తియ్యాలి మరి."

"తీస్తాను. కానీ నువ్వు ముప్ఫై దాకా మోగనివ్వాలి," అంది లోర్నా.

ఏడాదిగా ఏ గురువారమూ తప్పలేదు. కిటికీలోంచి వింటూనే ఉన్నాను, ఫోను మోగడం, స్టాండు టకటకలు, "రత్నం, పండు ఏం తిన్నది?" అనే మాట.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలు. ఈసారి వేసవి చివర్లోనే వచ్చాయి, కిందటేడు రాలిన గింజలకి మొలిచి నా మీదికి పాకిన బఠానీ తీగ ఇంకా పూర్తిగా ఎండలేదు. నిన్న నారింజ రంగు చొక్కాలవాళ్ళు వచ్చారు. లోర్నా పార్టీవాళ్ళే. తలుపు కొట్టారు. నేను లెక్కపెట్టాను. పది కాగానే కార్డు సందులో దూర్చి, కాగితం మీద గీసి వెళ్ళిపోయారు. లోపల స్టాండు చప్పుడు ఎక్కడో మొదలైనట్టే వినిపించింది. తర్వాత ఏదో పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఈవాళ గురువారం. రెండయింది. లోపల ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. నిన్నటి కార్డు ఇంకా తలుపు సందులోనే ఉంది. నేను గుంజని, పాతిన చోటే ఉంటాను, నాకు తలుపు కొట్టడం రాదు.

మీరు ఆ వీధిన వెళుతుంటే, పసుపు రాసిన గుంజకి బఠానీ తీగ అల్లుకున్న ఇల్లు కనిపిస్తే, ఒక్కసారి మెట్లెక్కి తలుపు కొట్టండి. కార్డు పెట్టి వెళ్ళకండి. ముప్ఫై దాకా లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే, పక్కింటివాళ్ళని పిలిచి తలుపు తెరిపించండి, లోర్నమ్మ ఎలా ఉందో చూడండి.